ఆ విల్లు మన పేర్లు పాడుతోంది

(కోవిల్‌పట్టిలో జరిగిన యువజన శిక్షణ శిబిరం చివరి రోజున, విరుదునగర్‌లో, ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన యువతీ యువకులను, స్థానిక తెలుగు కుటుంబాల పిల్లలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మీ అరచేతులు ఒకసారి చూసుకోండి. బొటనవేలి మొదట్లో ఎర్రగా కందిపోయి ఉంటుంది. కొందరికి బొబ్బలు కూడా లేచాయి. కంగారుపడకండి, వారంలో మానిపోతాయి. నేను ఈ విల్లు ముందు మూడు వేసవులుగా కూర్చుంటున్నాను. ఇంకా విద్యార్థినే. కాబట్టి ఒక విద్యార్థి తోటి విద్యార్థులతో మాట్లాడినట్టే మాట్లాడతాను.

ఈ పూట మూడు ప్రశ్నలు మీ ముందు పెడతాను. ఈ వాయిద్యం ఎలా పలుకుతుంది? ఇది ఎవరి కథ చెబుతుంది? ఇంటికి వెళ్ళాక దీనితో మనం ఏం చేయాలి?

ముందుగా, మనం ఎక్కడున్నాం?

మీలో చాలామంది హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చారు. మీ ఊళ్ళ పక్క నుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారే మదురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా కన్యాకుమారికి వెళుతుంది. అంటే మనం దూరదేశం రాలేదు. మన వీధి చివరి దాకా వచ్చామంతే.

ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు. మన నల్లరేగడే. వాన పడితేనే పంట. కోవిల్‌పట్టి అనగానే అందరికీ వేరుశనగ చిక్కీ గుర్తొస్తుంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఈ రేగడి నేల మీద మన భాష కూడా శతాబ్దాలుగా పండుతోంది. విజయనగర రాజులు, మదురై నాయకుల కాలంలో తెలుగు మాట్లాడే జనం గుంపులు గుంపులుగా ఇటు వచ్చి స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన గొప్ప తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. తెలుగు నేల వదిలి వచ్చిన జనం కథను ఆయన 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని తరువాయి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఆ కథ భూమి దున్నిన తెలుగువాళ్ళది. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంకొకరు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్ళే అరుంధతియర్లు. ఒకప్పుడు చక్కిలియర్ అని హీనంగా పిలిచిన జనం. బావిలోంచి నీళ్ళు తోడే మోటకు తోలు సంచి కుట్టింది వీళ్ళు. ఎద్దు మెడకు పట్టెడ, రైతు కాలికి చెప్పు చేసింది వీళ్ళు. వీళ్ళ తోలు సంచి లేకపోతే మోట కదలదు, మోట కదలకపోతే వేసవిలో తోట బతకదు. అయినా ఊరి బావి దగ్గరికి వీళ్ళను రానివ్వలేదు. బావిలోకి వీళ్ళు కుట్టిన తోలు దిగింది గానీ వీళ్ళ చెయ్యి దిగడానికి వీల్లేకపోయింది. మన ఊళ్ళలో మాదిగవాడల చరిత్ర తెలిసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

పులిత్తేవర్ సైన్యంలో పోరాడిన ఒండివీరన్ ఈ సమాజం బిడ్డే. 2022లో ఆయన పేరు మీద తపాలా బిళ్ళ విడుదలైంది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటాలో అరుంధతియర్లకు 3 శాతం ప్రత్యేకంగా ఇస్తూ చట్టం చేసింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇలాంటి వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. మూడు దశాబ్దాల దండోరా చప్పుడు విన్న మనకు ఆ తీర్పు విలువ తెలుసు.

ఈ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. తెలుగు అక్షరం వీళ్ళకు రాదు. మొదటి రోజు మీలో కొందరు వీళ్ళ యాస విని నవ్వారు. రెండో రోజుకు ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే మీ నానమ్మ వాడే మాటలు, మీరు మరిచిపోయిన మాటలు, వీళ్ళ నోట వినబడ్డాయి. రాతలేని భాషను ఇన్ని తరాలు నాలుక మీదే మోసుకొచ్చిన వీళ్ళ దగ్గర, రాత లేకుండా నేర్చుకునే వాయిద్యం గురించి మాట్లాడుకోవడం సబబే.

విల్లు ఎలా పలుకుతుంది?

లోకంలో తీగను మీటే వాయిద్యాలున్నాయి, కమానుతో రాసేవి ఉన్నాయి, పుల్లలతో కొట్టేవి ఉన్నాయి. కాశ్మీరు సంతూర్ మూడో రకం. దాన్ని కొట్టడానికి చేతిలో రెండు చిన్న పుల్లలుంటాయి, కింద వందకు దగ్గరగా తీగలుంటాయి. పాశ్చాత్య దేశాల్లో డల్సిమర్ అనే జానపద వాద్యం కూడా ఈ కుటుంబానిదే. దక్షిణ తమిళనాడు విల్లుకూ ఈ వాద్యాలకూ పోలిక ఒకటుంది, రెండు చేతుల్లో రెండు పుల్లలు. తేడా కూడా ఒకటుంది, వంద తీగలు లేవు. ఒక్కటే నారి.

దాన్ని మీరే కట్టారు కాబట్టి మీకు తెలుసు. అయినా పత్రికలో చదివేవారి కోసం చెబుతున్నాను. పది అడుగులు దాటిన పెద్ద విల్లు. చేవ తేలిన తాటి కర్రతో చేస్తారు. పాత విల్లులకు తోలు నారి ఉండేది, ఇప్పుడు తాడు, నైలాను కూడా కడుతున్నారు. విల్లు పొడుగునా చిన్న గంటలు వేలాడతాయి. ఒక పెద్ద మట్టికుండను చుట్టకుదురు మీద పెట్టి, విల్లు నడుము భాగాన్ని కుండ మెడకు ఆనించి కడతారు. నారి పైకి వస్తుంది. ముఖ్య గాయకుడు నారి వెనక కూర్చుని, వీసుకోల్ అనే రెండు పుల్లలతో దాని మీద కొడతాడు. ఆ పుల్లలకూ గలగలలుంటాయి. పక్కన ఒకరు కుండ వాయిస్తారు. ఒక చేత్తో విసనకర్రలాంటి బిళ్ళతో కుండ మూతి మీద కొడితే లోపలి గాలి 'గుమ్' అంటుంది. రెండో చేతిలోని నాణెంతో కుండ పక్కన కొడితే 'టక్' అంటుంది. ఇంకా ఉడుక్కై ఒకరు, తాళాలు ఒకరు, చెక్కలు ఒకరు. మొత్తం అయిదారుగురు.

నేర్చుకునేటప్పుడు మనందరికీ ఎదురైన కష్టాలు నాలుగు చెబుతాను.

మొదటిది మణికట్టు. కొత్తవాళ్ళు భుజం నుంచి కొడతారు. పావుగంటలో చెయ్యి లాగేస్తుంది, శబ్దం మొద్దుగా వస్తుంది. పుల్లను గట్టిగా పట్టుకోకూడదు, జారవిడవకూడదు. పిచ్చుకను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. దెబ్బ పడగానే పుల్ల తనంతట తాను పైకి లేవాలి. నారి మీద పుల్లను ఆనించి ఉంచితే పలకాల్సింది పలకకుండా పోతుంది. కొట్టడం ఎంత ముఖ్యమో, కొట్టి వదలడం అంత ముఖ్యం.

రెండోది బిగువు. నారి వదులైతే ధ్వని లేదు, మరీ బిగిస్తే విల్లు విరుగుతుంది. తెల్లవారుజామున మంచుకు తాడు ఒక రకంగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు ఇంకో రకంగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ వాయించే ముందు వేలితో ఒకసారి మీటి చూడాలని మనకు నేర్పిన పెద్దాయన చెప్పారు. నిన్న సరిగ్గా ఉందని ఈ రోజు నమ్మకూడదు.

మూడోది లయ. విల్లుకు రాగాలు లేవు. ఒక్క నారికి ఉన్నది ఒక్కటే స్వరం. రాగం గొంతుదే. విల్లు ఇచ్చేది నడక. 'తకధిమి' నడక కథ చెప్పేటప్పుడు, 'తకిట' నడక ఉరుకు వచ్చినప్పుడు. దుఃఖం వచ్చినప్పుడు నడక సగానికి తగ్గుతుంది, గంటలు మాత్రం మోగుతూనే ఉంటాయి. ఈ మార్పు ఎప్పుడు చేయాలో పుస్తకం చెప్పదు. కథలోకి దిగినవాడికే తెలుస్తుంది.

నాలుగోది అన్నిటికంటే కష్టం, 'ఆమా' అనడం. ముఖ్య గాయకుడు ఒక మాట అనగానే పక్కవాళ్ళు 'ఆమా' అనాలి. అవును అని. చిన్న మాట. కానీ వినకుండా 'ఆమా' అనేవాడి గొంతు వెంటనే పట్టుబడిపోతుంది. మన బుర్రకథలో కథకుడి పక్కన వంతలు పాడేవాళ్ళు చేసే పనే ఇది. కథకుడు దారి తప్పితే మళ్ళీ దారిలో పెట్టేది వాళ్ళే. మన ఆరాధనల్లో 'ఆమేన్' అనే మాట ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. ఆ మాట వినబడింది కాబట్టి అంటున్నామా, అలవాటు కాబట్టి అంటున్నామా? విల్లు దగ్గర కూర్చుంటే ఈ ప్రశ్న తప్పించుకోలేం.

ఇంకొక మాట. నారి ఒక్కటే ఉంటే శబ్దం సన్నగా, పదడుగుల దూరం కూడా పోదు. కింద ఖాళీ కుండ ఉంది కాబట్టే ఊరంతా వినబడుతుంది. మంటి ఘటాలలో ఐశ్వర్యం ఉందని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెప్పిన సంగతి ఈ కుండను చూస్తే నాకు కొత్తగా అర్థమైంది. కుండ నిండుగా ఉంటే మోగదు. ఖాళీగా, పగుళ్ళు లేకుండా ఉంటేనే మోగుతుంది. సంఘం పని ఆ కుండ పనే. బయట సన్నగా వినబడుతున్న పేదవాడి గొంతు మన లోపల గుమ్మని మోగి ఊరికంతటికీ వినబడాలి.

విల్లు ఎవరి కథ చెబుతుంది?

విల్లుపాట్టు ముఖ్యంగా గుడి తిరునాళ్ళలో పాడేది. అక్కడ పాడే కథల్లో పెద్ద భాగం అన్యాయంగా చంపబడినవాళ్ళ కథలు. చనిపోయిన మనిషిని ఊరు మరిచిపోలేక, మరిచిపోతే తప్పని భయపడి, ఏటేటా రాత్రంతా కూర్చుని ఆ కథ వింటుంది.

వాటిలో 'ముత్తుప్పట్టన్ కథై' ఒకటి. ముత్తుప్పట్టన్ బ్రాహ్మణ యువకుడు. అడవిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ పాట విని మనసు పారేసుకున్నాడు. వాళ్ళ తండ్రి వాలప్పగడై చెప్పులు కుట్టే చక్కిలియర్ కులస్తుడు. ఆ అక్కచెల్లెళ్ళ పేర్లు బొమ్మక్క, తిమ్మక్క. ఈ పేర్లు ఎక్కడైనా విన్నట్టుందా? మన పల్లెల్లో ముత్తవ్వల పేర్లే కదా!

పెళ్ళి అడగడానికి వచ్చినవాడికి ఆ తండ్రి లొంగిపోలేదు. పైకులం అల్లుడు దొరికాడని పొంగిపోలేదు. షరతులు పెట్టాడు. జంధ్యం తీసెయ్యాలి, పిలక కోసుకోవాలి, మా తోలు పని నేర్చుకోవాలి, మాతో కలిసి తినాలి అన్నాడు. ముత్తుప్పట్టన్ అన్నీ చేశాడు. అన్నలు బంధించినా తప్పించుకుని వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళి రాత్రే పశువులను దొంగలు తోలుకుపోతున్నారని కబురు వస్తే వెళ్ళి పోరాడి, దొంగచాటు దెబ్బకు చనిపోయాడు. తిరునెల్వేలి జిల్లా పాపనాశం కొండల్లోని సొరిముత్తు అయ్యనార్ గుడిలో ఆయనకు ఈ రోజుకీ జనం తోలు చెప్పులు కానుకగా ఇస్తారు. గుడి బయట విడిచిపెట్టాల్సిన చెప్పులు అక్కడ గుడిలో కానుక!

ఈ కథ చివర ఇద్దరు భార్యలూ చితిలోకి వెళతారు. ఆ ముగింపును నేను మెచ్చుకోను, మీరూ మెచ్చుకోవద్దు. భర్త పోతే ఆడపిల్ల బతుకు ముగిసిపోదు. జానపదం అన్నంత మాత్రాన అందులోని ప్రతి మాటకూ 'ఆమా' అనక్కర్లేదు. ఎక్కడ 'ఆమా' అనాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియడం కూడా శిక్షణలో భాగమే.

అసలు సంగతి ఇంకొకటుంది. ఈ కథను సేకరించి ప్రచురించిన జానపద పరిశోధకుడు నా. వానమామలై ఒక మార్పును ఎత్తి చూపారు. తర్వాతి కాలపు ప్రతుల్లో బొమ్మక్క, తిమ్మక్క పుట్టుకతో బ్రాహ్మణ పిల్లలనీ, అడవిలో దొరికితే వాలప్పగడై పెంచుకున్నాడనీ ఒక కథ చేర్చారు. ఎందుకు చేర్చారో మీరే చెప్పండి. మాల మాదిగల ఇంట అంత అందం, అంత పాట, అంత ప్రేమ పుట్టడం కొందరికి మింగుడుపడలేదు. మనిషిని చంపలేని చోట పుట్టుకను మార్చేశారు. కర్ర పట్టకుండానే చేసిన కులహత్య అది.

ఇది పాతకాలం ముచ్చట అనుకుంటే పొరపాటు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి ముందు, గర్భవతిగా ఉన్న భార్య కళ్ళముందే, పెరుమాళ్ళ ప్రణయ్‌ను నరికి చంపారు. ఆయన దళిత క్రైస్తవ కుటుంబంలోని యువకుడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. కోర్టు తన పని చేసింది. మరి పాట? ప్రణయ్ కథను ఏ విల్లు పాడింది? మన ఏ గుడిలో పాడాం? మన సంఘాల్లోనే పెళ్ళి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి బాప్తిస్మం వెనక్కి పోయి కులం ముందుకు రావడం లేదా?

దావీదు నేర్పమన్న పాట

బైబిలులో కూడా ఒక విల్లుపాట ఉంది. సమూయేలు రెండో గ్రంథం మొదటి అధ్యాయం తీసి చూడండి. సౌలు, యోనాతాను గిల్బోవ కొండ మీద చనిపోయాక దావీదు పాడిన విలాపానికి మన తెలుగు బైబిలు పెట్టిన పేరు ధనుర్గీతం. దాన్ని యూదావారికి నేర్పించాలని దావీదు కోరుకున్నాడు. ఆలోచించండి. రాజు కాబోయే మనిషి ప్రజలకు నేర్పమన్న మొదటి పాఠం గెలుపు పాట కాదు, ఏడుపు పాట. తనను చంపాలని వెంటాడిన సౌలు పేరును కూడా ఆ పాటలో గౌరవంగానే తలుచుకున్నాడు. ఏడవడం నేర్చుకోని జాతి పాలించడం నేర్చుకోలేదు.

మీలో ఒక చెల్లి నిన్న అడిగింది, 'అన్నా, ఇది అమ్మవారి జాతర్లలో వాయించేది కదా, మనం పట్టుకోవచ్చా?' అని. మంచి ప్రశ్న. దానియేలు మూడో అధ్యాయంలో రాజు నిలబెట్టిన బంగారు ప్రతిమ ముందు రకరకాల వాద్యాలు మోగుతాయి. 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు ఆ జాబితాలో ఒకదానికి డల్సిమర్ అని పేరు పెట్టారు. ఆ వాద్యాలు మోగగానే అందరూ సాగిలపడ్డారు, ముగ్గురు యువకులు నిలబడ్డారు. వాళ్ళు తిరస్కరించింది వాద్యాన్ని కాదు. అధికారానికి సాగిలపడమన్న ఆజ్ఞను. ఆ జాబితాలో వీణ కూడా ఉంది, కీర్తనల గ్రంథంలోనూ వీణ ఉంది. బబులోను వాయించిందని వీణను ఎవరూ పారేయలేదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఈ విల్లు మనది కాదు. నేర్పినవాళ్ళది. మనకు నేర్పిన పెద్దాయన ఏ నమ్మకంతో వాయిస్తారో ఆ నమ్మకాన్ని గౌరవించాలి. ఆయన పాటను తీసుకుని, పేర్లు మార్చి, ఆయన ఊరి మీదికే మైకు పెట్టి వదలడం దొంగతనం అవుతుంది. నేర్చుకుంటాం, నేర్పినవారి పేరు చెబుతాం, మన కథలు మనం కట్టుకుంటాం. అదీ పద్ధతి.

కొత్త కథలు కట్టడం విల్లుకు అలవాటే. గాంధీ కథను కొత్తమంగళం సుబ్బు విల్లుపాట్టుగా పాడారు. కలైవాణర్ ఎన్.ఎస్. కృష్ణన్ కూడా విల్లు పట్టారు. ఆయనతో పనిచేసిన సుబ్బు ఆరుముగం గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2022లో కన్నుమూశారు. ఆయన కుమార్తె భారతి తిరుమగన్ ఇప్పుడు ఆ విల్లు ముందు కూర్చుంటున్నారు. మనం నిన్న దాటి వచ్చిన సాత్తూరు, పిచ్చైకుట్టి అనే గొప్ప విల్లు కళాకారుడి ఊరు. దక్షిణ జిల్లాల క్రైస్తవులు కూడా బైబిలు కథలను విల్లు మీద పాడుకున్నారు.

మన గుళ్ళలో ఏం జరిగింది?

ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో మదురై ఉంది. అక్కడి తమిళనాడు థియలాజికల్ సెమినరీలో జె. థియోఫిలస్ అప్పావు (1940–2005) పాఠాలు చెప్పేవారు. అందరూ ఆయన్ని 'పరట్టై అన్నన్' అని పిలిచేవారు. చింపిరి జుట్టు అన్నయ్య అని అర్థం. ఆయన పల్లె పాటల బాణీల్లో ఆరాధన క్రమమే కట్టారు. ఆయన వాదన సూటిగా ఉండేది. శాస్త్రీయ సంగీతం నేర్చుకోవడానికి తీరిక కావాలి, గురువు కావాలి, డబ్బు కావాలి. కూలి చేసుకునే మనిషికి ఆ మూడూ లేవు. పల్లె పాటకైతే గొంతు చాలు. పైగా దాన్ని పాడేవాడు తన అవసరం కొద్దీ మార్చుకోవచ్చు, తప్పు పాడావని ఎవరూ గద్దించరు. ప్రభువు బల్లను కూడా ఆయన ఒకే కుండలో వండి అందరూ కలిసి తినే భోజనంగా వివరించారు. కలిసి వండుకుని తినలేని చోట కలిసి పాడటం అబద్ధం అని దాని సారం.

మన సంగతి చూద్దాం. పురుషోత్తమ చౌదరి గారి లాంటి భక్తులు మనకు గొప్ప కీర్తనలిచ్చారు. ఆ సంపదను నేను తక్కువ చేయను. కానీ మాదిగవాడలో పుట్టిన సంఘంలోనే డప్పును గుడి బయట పెట్టాం. అది చచ్చిన పశువు తోలు, అది చావుకు కొట్టేది, అది పాత బతుకు అన్నాం. బాప్తిస్మం తీసుకున్న రోజున డప్పు అటకెక్కింది. దాని స్థానంలో హార్మోనియం వచ్చింది, తర్వాత కీబోర్డు, ఇప్పుడు ఫోనులోంచి వచ్చే ట్రాకు. ట్రాకుకు 'ఆమా' అక్కర్లేదు. మనం ఏడ్చినా నవ్వినా అది తన వేగంతోనే పోతుంది.

కీబోర్డు పాపమని నేను అనడం లేదు. మా గుడిలోనూ ఉంది. కానీ దాన్ని కొనడానికి చందా ఎత్తాల్సి వచ్చినప్పుడు, వాయించేవాడికి నెలనెలా డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఇవ్వలేని వాడ సంఘం చిన్నబోతుంది. ఆ చిన్నబోవడమే నన్ను బాధిస్తుంది. దేవుని ముందు పాడటానికి కూడా పేదవాడు సిగ్గుపడాలా?

తెలుగు నేల మీద కూడా తీగ వాద్యాలున్నాయి. మాదిగలను ఆశ్రయించి కథ చెప్పే డక్కలివారి చేతిలో కిన్నెర ఉంది. సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనంతో చేసిన వాద్యం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఉత్తరాంధ్రలో జముకు ఉంది. గుంటూరు జిల్లాలో తంబురా భుజాన వేసుకుని బుర్రకథతో ఊళ్ళను లేపిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. బిరుదులు వచ్చాయి, సంతోషమే. కానీ మీలో ఎంతమందికి కిన్నెర తీగను ఒక్కసారైనా ముట్టుకునే భాగ్యం దక్కింది? కళాకారుడికి శాలువా కప్పడం తేలిక. అతని ముందు కూర్చుని చెయ్యి కందేదాకా నేర్చుకోవడమే అసలైన సన్మానం.

ఇంటికి వెళ్ళాక

చివరి ప్రశ్నకు వచ్చాం. నాలుగు పనులు చెబుతాను.

మొదటిది, విల్లు కట్టండి. పదడుగుల తాటి కర్ర దొరకకపోతే అయిదడుగుల వెదురు బద్ద చాలు. కుమ్మరి దగ్గర మంచి కుండ కొనండి. కొనేముందు వేలితో కొట్టి వినండి, పగులు ఉంటే బొంగురుగా పలుకుతుంది. బిగువైన తాడు, పాత గజ్జెలు, రెండు పుల్లలు. ఆదివారం బడి పిల్లలతో కలిసి కట్టండి. వాళ్ళ చేతులతో కట్టిన వాద్యాన్ని వాళ్ళు పారేయరు.

రెండోది, మీ ఊళ్ళోనే వెతకండి. ప్రతి మండలంలో కిన్నెరో, తంబురానో, డప్పో పట్టిన ముసలి చెయ్యి ఒకటి ఉంటుంది. ఆయన దగ్గరికి వెళ్ళండి. తాతా అని పిలవండి. ఊరికే నేర్చుకోకండి, చేతిలో ఏదైనా పెట్టండి. పనివాడు జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు.

మూడోది, కథ కట్టండి. అందంగా రాకపోయినా ఫరవాలేదు, నిజంగా ఉండాలి. ఈ ప్రాంతంలో కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశిల అగ్గిపుల్లల పరిశ్రమల్లో పిల్లల వేళ్ళు నలిగాయి. 1996లో సుప్రీంకోర్టు, పెట్టుకున్న ప్రతి పిల్లవాడికీ 20,000 రూపాయల చొప్పున యజమాని కట్టాలని ఆదేశించింది. ఆ పిల్లల కథ ఉంది. మలాన్ని చేత్తో ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ఉన్నా మ్యాన్‌హోళ్ళలో మనుషులు చనిపోతూనే ఉన్నారు. కోలారు బంగారు గనుల ఊరిలో తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దాని మీద జీవితాంతం పోరాడుతున్నారు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ కథ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచి, మనకూ ముస్లిం సోదరులకూ ఇంకా మూసే ఉంచింది. ఆ కథ మన ప్రతి ఇంట్లోనూ ఉంది. వీటిని కరపత్రంగా వేస్తే నలుగురు చదువుతారు. విల్లు మీద పాడితే చదువు రాని అమ్మ కూడా 'ఆమా' అంటుంది.

నాలుగోది, కథలోని పేర్లు మార్చనివ్వకండి. బొమ్మక్క చక్కిలియర్ బిడ్డే. తిమ్మక్క చక్కిలియర్ బిడ్డే. రేపు మీ పాట బాగుందని ఎవరైనా పెద్దవాళ్ళు వేదిక ఇస్తామంటారు. కులం సంగతి కొంచెం తగ్గించండి, మనసులు నొచ్చుకుంటాయి అంటారు. అప్పుడు నారి బిగువు గుర్తుచేసుకోండి. వదులు చేస్తే పలకదు.

స్థానిక తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ తెలుగును చూసి సిగ్గుపడకండి. మీకు తెలుగు అక్షరాలు నేర్పడానికి మా పిల్లలు ఫోనులో వారం వారం కూర్చుంటామన్నారు. బదులుగా మీరు మాకు విల్లు నేర్పండి. ఇది దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం.

సాయంత్రం బస్సు ఎక్కే ముందు ఆ పెద్దాయన ముందు మనం వాయించి చూపించాలి. మన సాధనలో ఏం లోటుందో ఆయన చెబుతారు. రాసుకోండి. వచ్చే వేసవికి దాన్ని సరిదిద్దుకుని రండి.

అణగారినవాళ్ళ మొర విన్న దేవుడు మన చేతులను, గొంతులను బలపరచును గాక. ఆమేన్.

జై భీమ్.